గుర్రానికి తవుడు ఎక్కువైతే ఎముక కరుగుతుంది: భాస్వరం లెక్క ఒకటి చూద్దాం

మన సంఘాల్లో గుర్రాలున్న ఇళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా నాన్నగారి కాలంలో జట్కా తోలి పిల్లల్ని చదివించిన తెలుగు కుటుంబాలు చాలా ఉండేవి. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి. అయినా గుర్రం పూర్తిగా పోలేదు. పెళ్ళి ఊరేగింపుకు, గుడి ఉత్సవానికి, సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి, అక్కడక్కడ పందెం బండికి ఇంకా పెంచుతున్నారు. ఆడి మాసంలో అంతియూరు గురునాథస్వామి సంతకు వెళ్ళి గుర్రం కొనుక్కొచ్చే కుర్రవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ళ కోసం, వాళ్ళకు సలహాలిచ్చే పెద్దవాళ్ళ కోసం. ఎందుకంటే తప్పు సలహా ఎక్కువగా పెద్దవాళ్ళ దగ్గరనుంచే వస్తోంది.

నేను పశువైద్యుణ్ణి కాను. ఉద్యోగమంతా గుమాస్తాగా జమాఖర్చులు రాసినవాణ్ణి. అయితే ఇది జమాఖర్చు విషయమే కాబట్టి రాయడానికి ధైర్యం చేస్తున్నాను.

రెండేళ్ళ క్రితం మా సభ్యుల ఇంట ఒక ఆడగుర్రం కుంటడం మొదలుపెట్టింది. ఒక వారం ముందు కాలు, ఇంకో వారం వెనక కాలు. నాడాలు మార్పించారు, తగ్గలేదు. తర్వాత ముక్కుకు రెండు పక్కలా, కళ్ళ కింద ఎముక ఉబ్బింది. పంటి జబ్బని ఒకరన్నారు, దిష్టి అని ఒకరన్నారు. ఒకాయన వాతలు పెట్టించాడు. ఒక మందుల అంగడిలో బలానికని భాస్వరం ఇంజెక్షన్ అమ్మారు. ఇందులో బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ ఇంటివాళ్ళు గుర్రాన్ని పస్తు పెట్టినవాళ్ళు కారు. రోజుకు రెండు కిలోల మంచి వరి తవుడు తడిపి పెట్టేవాళ్ళు, పైన వరిగడ్డి. ఇంట్లో పాలావుకు ఏది మంచిదో గుర్రానికీ అదే మంచిదనుకున్నారు. చివరికి పశువైద్య కళాశాలకు తీసుకువెళితే, డాక్టరుగారు మొహం ఒకసారి తడిమి చూసి అడిగిన మొదటి ప్రశ్న "ఏం పెడుతున్నారు?" అని.

ఈ జబ్బుకు ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేర్లే కథంతా చెబుతాయి. ఒకటి బిగ్ హెడ్, అంటే పెద్ద తల. ఇంకొకటి బ్రాన్ డిసీజ్, అంటే తవుడు జబ్బు. మూడోది మిల్లర్స్ డిసీజ్, అంటే మిల్లువాడి జబ్బు. యూరపులో పిండి మిల్లులు నడిపేవాళ్ళ గుర్రాలకు ఇది ఎక్కువగా వచ్చేది. మిల్లులో గోధుమ పొట్టు ఊరికే మిగులుతుంది, దాన్నే గుర్రాలకు వేసేవాళ్ళు. 1964లో క్రూక్, లోవ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు గుర్రాలకు భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న దాణా పెట్టి ఈ జబ్బు ఎలా పుడుతుందో వివరంగా చూపించారు.

భాస్వరం పేరు చెప్పగానే విషం అనుకోవద్దు. అది లేకుండా గుర్రం నిలబడలేదు. ఒంట్లోని భాస్వరంలో నూటికి 80 పాళ్ళకు పైగా ఎముకల్లో, పళ్ళలో కాల్షియంతో కలిసి ఉంటుంది. మిగిలింది కండకు శక్తినిచ్చే పదార్థంలో, ప్రతి కణం గోడలో, తల్లినుంచి పిల్లకు పోయే జన్యు పదార్థంలో ఉంటుంది. గుర్రం నాలుగు అడుగులు పరుగెత్తినా భాస్వరం పనిచేయాల్సిందే.

ఎంత కావాలన్నదే ప్రశ్న. అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 2007లో వేసిన గుర్రాల పోషణ పుస్తకం ప్రకారం, పని లేకుండా ఉన్న 500 కిలోల పెద్ద గుర్రానికి రోజుకు 20 గ్రాముల కాల్షియం, 14 గ్రాముల భాస్వరం చాలు. మన దగ్గరి నాటు గుర్రాలు చిన్నవి. 300 కిలోల గుర్రం అనుకుంటే 12 గ్రాముల కాల్షియం, ఎనిమిదిన్నర గ్రాముల భాస్వరం. ఇక్కడ గమనించవలసింది ఆ రెండు అంకెల మధ్య పొత్తు. కాల్షియం ఎప్పుడూ భాస్వరానికి సమానంగానైనా ఉండాలి, కొంచెం ఎక్కువగా ఉంటే ఇంకా మంచిది. ఒకటికి ఒకటిన్నర, రెండు వరకు బాగా సరిపోతుంది. పెద్ద గుర్రం కాల్షియం ఎక్కువైతే మూత్రంలో పోగొట్టుకుంటుంది. గుర్రం మూత్రం మబ్బుగా, పాలిపోయినట్టు కనిపించేది అందుకే, అది జబ్బు కాదు. తిరగబడి భాస్వరం ఎక్కువైతే మాత్రం అది ఓర్చుకోలేదు.

ఇప్పుడు ఆ ఇంటి దాణా పుస్తకంలో వేసి చూద్దాం. వరి తవుడు కిలోలో భాస్వరం సుమారు 15 గ్రాములు, కాల్షియం ఒక గ్రాము కూడా ఉండదు. రెండు కిలోలంటే భాస్వరం 30 గ్రాములు, కాల్షియం రెండు గ్రాములకు లోపు. నాలుగు కిలోల వరిగడ్డిలో ఎనిమిది గ్రాముల కాల్షియం, మూడు గ్రాముల భాస్వరం వేసుకుందాం. మొత్తం కాల్షియం పది గ్రాములకు కొంచెం తక్కువ, భాస్వరం 33 గ్రాములు. ఒకటికి మూడున్నర, అదీ తలకిందులుగా. ఏ ఆడిటరైనా ఈ పద్దు దగ్గర ఎర్ర గీత గీస్తాడు. గోధుమ పొట్టు కొంచెం మేలు, కిలోకు భాస్వరం పది పదకొండు గ్రాములు, కాల్షియం గ్రామున్నర లోపు. అంటే అదీ ఏడెనిమిది రెట్లు తలకిందులే. ఓట్లు, బార్లీ, మొక్కజొన్న అన్నిటిలోనూ భాస్వరమే ఎక్కువ, కానీ తవుడంత దారుణంగా కాదు. ఊక కలిపిన కల్తీ తవుడు కొన్నవాడి గుర్రానికి ఈ జబ్బు కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకని కల్తీ చేసినవాణ్ణి మెచ్చుకోనక్కరలేదు.

తవుడులో భాస్వరంలో చాలా భాగం ఫైటేట్ అనే రూపంలో కట్టుబడి ఉంటుంది. గుర్రం అందులో కొంత మాత్రమే విడదీసుకోగలదు. అంటే ఎక్కువ భాస్వరం ఒంటపట్టదు కదా, నష్టమేమిటి అని అడగవచ్చు. నష్టం ఏమిటంటే ఆ ఫైటేట్ పేగులో ఉన్న కొంచెం కాల్షియాన్ని కూడా పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. విడిపోయిన భాస్వరం కాల్షియం ఒంటపట్టడాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ఇక్కడినుంచి ఒంట్లో జరిగేది వినండి. రక్తంలో కాల్షియం ఒక మట్టం కంటే పడిపోకూడదు. పడితే గుండె కొట్టుకోదు, కండలు పనిచేయవు. ఆ మట్టాన్ని కాపాడే పని మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులది. దాణాలో కాల్షియం రాకపోతే అవి ఎముకలనుంచి తీసుకోమని ఆజ్ఞ ఇస్తాయి. ఎముక ఒక బ్యాంకు అనుకుంటే, రోజూ కొంచెం కొంచెం డ్రా చేస్తూ పోవడమే, జమ చేసేది లేదు. ఎముక సారం పోయిన చోట నార లాంటి మెత్తని పదార్థం నిండుతుంది. అది మామూలు ఎముక కంటే ఎక్కువ చోటు పడుతుంది. ముఖం ఎముకల్లో, కింది దవడలో ఇది ముందుగా కంటికి కనిపిస్తుంది. అందుకే తల పెద్దదైనట్టు ఉంటుంది. పళ్ళు కదులుతాయి, నమలలేదు, చిక్కిపోతుంది. ముక్కు దారి ఇరుకై ఊపిరి శబ్దం చేస్తుంది. కాళ్ళ ఎముకలకు నరాలు అతుక్కునే చోట్లు పట్టు తప్పి కుంటు వస్తుంది. ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటుతోందంటే ఈ అనుమానం రావాలి. తల ఉబ్బడం చాలా ఆలస్యంగా కనిపించే గుర్తు. అప్పటికే చాలా ఎముక ఖర్చయిపోయి ఉంటుంది.

రక్తపరీక్షలో కాల్షియం మామూలుగా ఉంది కాబట్టి ఏమీ లేదు అని ఎవరైనా అంటే నమ్మి ఊరుకోవద్దు. ఎముకలు కరిగించి మరీ గుర్రం ఆ మట్టాన్ని కాపాడుకుంటోంది, కాబట్టి అది చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. మూత్రంలో భాస్వరం ఎంత పోతోందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

మరి ఆవు ఇదే తవుడు తిని బాగానే ఉంది కదా? ఉంటుంది, ఎందుకంటే దాని కడుపు కట్టుబడి వేరు. ఆవు, గేదె తిన్నది ముందు పెద్ద పొట్టలో పులుస్తుంది, అక్కడి సూక్ష్మజీవులు ఫైటేట్‌ను విడగొట్టేశాక ఆహారం పేగులోకి పోతుంది. గుర్రంలో పులిసే పని చివర్లో, పెద్దపేగులో జరుగుతుంది. కాల్షియం ఒంటపట్టేది దానికి ముందే, చిన్నపేగులో. సాయం వచ్చేసరికి బండి వెళ్ళిపోయి ఉంటుంది. ఆవును చూసి గుర్రాన్ని మేపకూడదని చెప్పేది ఇందుకే.

గడ్డి విషయంలోనూ ఇదే తేడా. కొన్ని గడ్డుల్లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. అది కాల్షియాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరిచేస్తాయి, గుర్రానికి ఆ వసతి చిన్నపేగుకు ముందు లేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ప్రాంతంలో తవుడు ముట్టని గుర్రాలకు కూడా, కేవలం బఫెల్, సెటేరియా వంటి గడ్డి మీద మేసినందుకు ఈ పెద్ద తల జబ్బు వచ్చింది. మన దగ్గర పాడి ఉన్న ప్రతి ఇంటా వేస్తున్న నేపియర్ గడ్డి కూడా ఆక్సలేట్ ఎక్కువున్న జాతే. తమిళనాడులో కో-4, కో-5 అని కరణలు తెచ్చి నాటుతున్నది ఇదే. ఆవులకు అది వరం. గుర్రానికి అదొక్కటే మేతగా, పైన తవుడు పెడితే రెండు వైపులనుంచీ దెబ్బ. వరిగడ్డిలో కూడా ఆక్సలేట్ ఉంటుంది, కాబట్టి పైన నేను జమ చేసిన ఎనిమిది గ్రాముల కాల్షియం పూర్తిగా చేతికి రాదు.

ఉలవల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే మా అమ్మమ్మ ఒప్పుకోదు. ఇంగ్లీషులో దాని పేరే హార్స్ గ్రామ్. మద్రాసు వైపు సైన్యం గుర్రాలకు ఉలవలు ఉడికించి పెట్టేవాళ్ళు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో నూరు గ్రాముల ఉలవల్లో కాల్షియం 287 మిల్లీగ్రాములు, భాస్వరం 311 మిల్లీగ్రాములు. దాదాపు సరిసమానం. ఉలవలే సరిపోతాయని కాదు, కానీ తవుడులా పద్దును తలకిందులు చేయవు. మన పాతవాళ్ళు ఈ లెక్కలు వేసి పెట్టలేదు, దొరికింది పెట్టారు, అది నప్పింది. అదే పట్టికలో రాగులు ఇంకా ముచ్చట: కాల్షియం 344, భాస్వరం 283. ధాన్యాల్లో కాల్షియం పైచేయిగా ఉన్నది ఇదొక్కటే అనవచ్చు. హోసూరు, కోలారు వైపు రాగి గడ్డి మేసి పెరిగిన జట్కా గుర్రాలు గట్టిగా ఉండేవని పాతవాళ్ళు చెబుతారు. దానికి ఇదే కారణమని నేను తేల్చి చెప్పను, కానీ లెక్క అందుకు అడ్డం రాదు.

చేయవలసింది ఖర్చుతో కూడింది కాదు. 300 కిలోల గుర్రానికి తవుడు రోజుకు అర కిలోకు మించనివ్వకండి. తగ్గించిన చోట అర కిలో నానబెట్టి ఉడికించిన ఉలవలు. అన్నిటికంటే ముఖ్యం లూసర్న్ గడ్డి. ఎండిన లూసర్న్ కిలోలో 12 గ్రాములకు తగ్గకుండా కాల్షియం, రెండు రెండున్నర గ్రాముల భాస్వరం ఉంటాయి. ఐదు కిలోల పచ్చి లూసర్న్ ఎండితే సుమారు కిలో అవుతుంది. పద్దు మళ్ళీ వేద్దాం: అర కిలో తవుడు, అర కిలో ఉలవలు, ఐదు కిలోల పచ్చి లూసర్న్, నాలుగు కిలోల వరిగడ్డి. కాల్షియం 21 గ్రాములు దాటుతుంది, భాస్వరం పద్నాలుగు పదిహేను. ఒకటికి ఒకటిన్నర. పుస్తకం సరిపోయింది. తిండి మార్పు మాత్రం ఒక్క పూటలో చేయకండి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు, కడుపు నొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

లూసర్న్ దొరకని వాళ్ళకు సున్నపురాయి పొడి ఉంది. కోళ్ల దాణా అమ్మే అంగళ్లలో చాలా చవగ్గా దొరుకుతుంది. 30 గ్రాముల్లో పదకొండు గ్రాముల కాల్షియం. దాణా తడిపి, బాగా కలిపి పెట్టాలి, లేకపోతే గుర్రం ఊది పక్కన పెట్టేస్తుంది. గోడకు కొట్టే సున్నం, తాంబూలపు సున్నం వేయకండి, నోరు పుండవుతుంది. కావలసింది కాల్చని రాయి పొడి. దాణాకని అమ్మేదే కొనండి. పశువుల మినరల్ మిక్చర్‌లో కాల్షియంతో పాటు భాస్వరం కూడా ఉంటుంది, కాబట్టి తవుడు తగ్గించకుండా అది కలిపితే లెక్క పెద్దగా మారదు. బలానికని అమ్మే భాస్వరం ఇంజెక్షన్లు డాక్టరు చెప్పకుండా వేయించవద్దు. తవుడు తిని జబ్బుపడిన గుర్రానికి అది అప్పులో ఉన్నవాడి పేరున ఇంకో అప్పు రాసినట్టే.

కోళ్ల అంగడి మాట వచ్చింది కాబట్టి ఇంకో హెచ్చరిక. అక్కడ సున్నపురాయి పొడి కొనండి, కోళ్ల దాణా మాత్రం కొనకండి. కొన్ని కోళ్ల దాణాల్లో రక్త విరేచనాల జబ్బు రాకుండా మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి ఏమీ కాని మోతాదు గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది. ఇది భాస్వరం విషయం కాదు, అయినా రాయకుండా ఉండలేను.

భాస్వరం తక్కువై బాధపడే గుర్రాలూ ఉంటాయి. దాణా అసలు లేకుండా ముదిరిన ఎండుగడ్డి, చొప్ప మాత్రమే తినేవాటికి ఈ కొరత రావచ్చు. మట్టి నాకడం, కట్టె కొరకడం, ఎముకలు నమలడం దాని గుర్తుల్లో కొన్ని. పిల్లకు ఎముక సరిగా కట్టదు. చూలు చివరి నెలల్లో, పాలిచ్చే రోజుల్లో తల్లికి రెండూ ఎక్కువ కావాలి. 500 కిలోల గుర్రం ఈనిన మొదటి నెలలో రోజుకు 59 గ్రాముల కాల్షియం, 38 గ్రాముల భాస్వరం అడుగుతుంది, మామూలు రోజులకు మూడింతలు దగ్గర. అప్పుడు తవుడు పూర్తిగా మానేయడం కాదు, కాల్షియం దాన్ని దాటేలా చూసుకోవడం.

మా సభ్యుల గుర్రం కుంటు మూడు నెలల్లో తగ్గుతూ వచ్చింది. ఆరో నెల దాటాక మళ్ళీ ఊరేగింపులకు పోయింది. మొహం మీది ఉబ్బు కొంత తగ్గింది, కొంత అలాగే ఉండిపోయింది. ముదిరిన గుర్రాల్లో అది పూర్తిగా పోదని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మొహం చూసి పెళ్ళివాళ్ళు కొందరు వద్దంటున్నారు, ముందటి కంటే తక్కువ కిరాయికి ఒప్పుకోవలసి వస్తోంది.

అంగడికి వెళ్ళేటప్పుడు భాష చూసుకోండి. మనం నాలుగు రాష్ట్రాల్లో నాలుగు మాటలతో కొంటాం. ఉలవలు తమిళంలో కొళ్ళు, కన్నడంలో హురుళి, మరాఠీలో కుళీథ్, ఒడియాలో కొళథ. లూసర్న్ తమిళంలో కుదిరై మసాల్, కన్నడంలో కుదురె మసాలె, రెండింటిలోనూ పేరులోనే గుర్రం ఉంది. మరాఠీలో లసూణ్ ఘాస్. వరి తవుడు తమిళంలో తవిడు, కన్నడంలో తౌడు, ఒడియాలో కుండా. గోధుమ పొట్టు కన్నడంలో బూసా. కానీ హిందీ అంగట్లో భూసా అంటే గోధుమ గడ్డి తునకలు. బెంగళూరునుంచి బదిలీ మీద పైకి వెళ్ళినవాళ్ళు ఒకటి అడిగి ఇంకొకటి తెచ్చుకోకుండా, బస్తా విప్పించి చూసి కొనండి.

అనుమానం ఉంటే చెన్నై వేపేరి, నామక్కల్, బెంగళూరు హెబ్బాళ, ముంబై పరేల్, భువనేశ్వర్ పశువైద్య కళాశాలల్లో ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళండి. యానాం వాళ్ళు ముందు స్థానిక పశువుల ఆసుపత్రిలో చూపించి, వాళ్ళు పంపిన చోటికి వెళ్ళవచ్చు. పోయేటప్పుడు రోజూ పెట్టే ప్రతి వస్తువూ తూకంతో సహా ఒక కాగితం మీద రాసుకుని పోండి. డబ్బాతో, చాటతో కొలిచిన కొలత కాదు, తక్కెడలో పెట్టి తూచింది. మూత్రం నమూనా శుభ్రమైన సీసాలో, ఆ పూట పట్టింది. దాణా ఒక్కో గుప్పెడు విడివిడి సంచుల్లో.